ఖాలా కోళ్లకు ఇవ్వని మందు

శామీర్‌పేట దగ్గరి ల్యాబ్‌లో నేను కోళ్లకొచ్చే కొక్కెర తెగులు మీద పనిచేస్తున్నప్పుడు, నాతో ఉన్న ఇద్దరూ వేరే ఉద్యోగాలు చూసుకుని వెళ్లిపోయారు. పొద్దంతా గాజు పళ్లేల్లోని కోడి కణాలతో గడిపి, కౌకూర్‌లోని అద్దెగదికి చేరేవరకు ఎవరితోనూ మాట్లాడని రోజులుండేవి.

ఈ తెగులు తెచ్చే వైరస్ తనంతట తాను పెరగజాలదు. కోడి కణంలో దూరి, ఆ కణంతోనే తన సంతతిని చేయించుకుంటుంది. మా మందు వైరస్‌ను ముట్టదు. కణం లోపల దానికి అక్కరకొచ్చే ఒక పనిని నెమ్మదింపజేస్తుంది, అంతే. కణాల్లో వైరస్ బాగా తగ్గింది. బతికున్న కోడికి ఆ మందు ఏం చేస్తుందో అప్పటికింకా తెలియదు.

దగ్గరి ఊరు రావల్కోల్‌లో నాటుకోళ్లు పెంచే ఒక ముస్లిం పెద్దామె ఉండేది, ఖాలా (పిన్ని) అని పిలిచేదాన్ని. భర్త పోయాక ఒక్కతే. ఆదివారాలు గుడ్ల కోసం వెళ్లి, మధ్యాహ్నందాకా ఆమెతో కబుర్లు చెప్పేదాన్ని. ఒక ఆదివారం వెళ్లేసరికి కోళ్లు మెడలు తిరిగిపోయి, ఆకుపచ్చని రెట్ట వేస్తూ పడున్నాయి.

"నువ్వు గీ రోగానికే మందు జేస్తున్న అన్నవ్ గద బేటీ. జెర తెచ్చియ్యి."

"కోళ్లకింకా పెట్టి సూడలే ఖాలా. మందే సంపుతదేమో."

"ఎట్లయినా సస్తున్నయ్ గద!"

పశువుల డాక్టర్‌ను పిలిపించాను. ఆయన వచ్చేలోపే చాలా పోయాయి, మిగిలినవీ దక్కలేదు. సున్నం చల్లి పూడ్చిపెట్టారు.

ల్యాబ్‌లో కోడిపిల్లల మీద మా మందు పరీక్ష మొదలవబోతోంది. తెగులు సోకిన చోటికి వెళ్లొచ్చినవాళ్లు వాటి దగ్గరికి పోకూడదు. కొన్నాళ్లు ఆగి, బట్టలు, చెప్పులు అన్నీ మార్చుకుని పనిలో చేరాను. పరీక్ష ముగిసేదాకా రావల్కోల్ వెళ్లే వీలు లేదు. ఫోన్ చేస్తే ఆమె ఎత్తేది కాదు. ఆదివారాలు గదిలో ఏం చేయాలో తోచేది కాదు.

పరీక్ష ముగిసింది. మందు తాగిన కోడిపిల్లల్లో చావులు తగ్గాయి. కాకపోతే అవి సరిగా మేయక చిక్కిపోయాయి. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు గుర్తొచ్చింది ఆమె ఒక్కతే. ఈసారి ఎత్తింది.

"అన్నీ బతికినయా?"

"అన్నీ గాదు ఖాలా. మందు తక్కువజేసి మళ్ల సూడాలె."



"నా తాన ఇగ కోళ్లు లేవ్, గుడ్లు లేవ్," అంది. "ఉత్తగనే రా."

వెళ్లాను. అరుగు మీద పక్కపక్కన కూర్చున్నాం. మధ్యాహ్నందాకా అక్కడే ఉన్నాను.