పెదనాన్న ముందే చెప్పేసిన సాక్ష్యం

నా చిన్నప్పుడు అమీర్‌పేటలోని మా గల్లీకి సగం అడ్డంగా మా పెదనాన్న పాత అమెరికా కారు నిలబడి ఉండేది. తుంటి విరిగి కాలు వంగని మా నానమ్మను పంజగుట్టలోని మందిరానికి తీసుకుపోగలిగేది అదొక్కటే. వెనక సీటు మంచమంత వెడల్పు. ఆమె కాలు చాపుకుని కూర్చునేది.

ఒకసారి, మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల ఆదివారానికి ముందు, కారు సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లులు పడింది. పొగంతా లోపలికే వస్తోంది. దానికి సరిపడేది ఊళ్లో దొరక్క, కొత్త గొట్టాన్ని కొలతకు వంపించి తెచ్చారు. పాతది ఊడితే చాలు. కానీ ఇంజిన్ దగ్గరి నట్లు బిగుసుకుపోయాయి.

"గ్యాస్ మంట పెట్టాలె భాయ్, వేడైతెనే ఊడ్తయి" అన్నాడు వీధి చివరి మెకానిక్.

పెదనాన్న ఒప్పుకోలేదు. శుక్రవారం ఇంటి ప్రార్థనలో లేచి, నిప్పు తగలకుండానే దేవుడు ఆ నట్లు ఊడదీశాడని, జరగకముందే సాక్ష్యం చెప్పేశాడు మరి. అలా ముందుగా చెప్పడమే విశ్వాసమని మా వాళ్లలో చాలామంది నమ్మేవారు.

"మంచిది. దుకాణంల్నే ఉంట. మీ దేవుడు జెప్తె పిలువున్రి" అని, ఆ సంగతి విన్న మెకానిక్ వెళ్లిపోయాడు.

శనివారమంతా ఒకటే తంతు. మోకరించి ప్రార్థన, మళ్లీ కారు కింద దూరి పానా పట్టడం. పానా జారి పెదనాన్న వేళ్లు చీరుకుపోయాయి. నట్టు కదల్లేదు. చూసి చూసి నాకే విసుగొచ్చి ఏడుపొచ్చింది. ఆదివారం ఆరాధన మొదలయ్యే వేళకూ ఆయన కారు కిందే ఉన్నాడు. తెల్లచీర కట్టుకుని గుమ్మంలో కూర్చున్న నానమ్మ అడిగింది:

"నేను ప్రభు బల్ల కాడికి పోవాల్నా, నీ సాక్ష్యం కాడికి పోవాల్నా బిడ్డా?"

ఆయన కారు కింద నుంచి బయటికొచ్చాడు. లేచి మెకానిక్‌ను పిలుచుకొచ్చాడు. నట్లు ఎర్రగా కాలి తిరిగాయి.

కొత్త గొట్టం బిగించి మేం చేరేసరికి జనం మందిరం నుంచి బయటికొస్తున్నారు. పాస్టరుగారు రొట్టె, గిన్నె కారు దగ్గరికే తెచ్చి నానమ్మకిచ్చారు. పెదనాన్న వంతు వచ్చింది. "జర ఆగున్రి అయ్యగారు" అని, చుట్టూ ఉన్న వాళ్లతో తాను శుక్రవారం చెప్పింది జరగలేదని ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే రొట్టె తీసుకున్నాడు.

ఇప్పటికీ మా సంఘంలో ఎవరైనా రోగం తగ్గకముందే తగ్గిందని చెప్పి మందులు పక్కన పెడితే నాకు అదే విసుగు. దేవుణ్ని తక్కువ నమ్మి కాదు. అడగాల్సింది మోకాళ్ల మీదే అడుగుతాను. లేచాక మాత్రం, ఆయన పంపిన మనిషి ఇప్పటికే వచ్చి ఉన్నాడేమోనని చూస్తాను.