నా రింగుల జుట్టు మీద ఇస్త్రీ పెట్టె

మా చిన్నప్పుడు నేను ఏడవని ఆదివారం లేదు... కుంకుడు రసంతో తలంటి, జుట్టు పూర్తిగా ఆరేదాకా ఎండలో కూర్చోబెట్టి, అప్పుడు దువ్వెన పట్టుకునేది అమ్మ. నాది రింగుల జుట్టు. ఎండిపోయిన రింగుల్లో సన్నపళ్ల దువ్వెన దించి లాగితే ఎలా ఉంటుందో, అనుభవించిన వాళ్లకు చెప్పక్కర్లేదు. దువ్వెన పళ్లు విరిగేవి... నా వీపు మీద రెండు పడేవి.

"కదలకు! ఎవరి పోలికనో ఏమో, పిచ్చుక గూడు లెక్కుంది నీ నెత్తి."

ఎవరి పోలికో ఇంట్లో అందరికీ తెలుసు. గడప దగ్గర కూర్చుని చూస్తూ ఉండే మా నాయనమ్మ పోలిక. "తడి మీదనే వేళ్లతోని తియ్యాలె పిల్లా, గట్ల ఎండినంక గుంజొద్దు" అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో...

"నీకేం ఎర్క అత్తమ్మా, బడికి రెండు జడలు గట్టిగ ఉండాలె" అని అమ్మ కసిరేది. దువ్వినకొద్దీ జుట్టు పొంగేది. పొంగినకొద్దీ కొబ్బరి నూనె పోసి అణిచేది.

మా ఇబ్రహీంపట్నం చుట్టూ పొలాలన్నీ ప్లాట్లు అవుతున్న రోజులవి. బడంగ్‌పేట్ వైపు, నాదర్‌గుల్ వైపు కొత్త కాలనీలు లేస్తున్నాయి. ఆ కాలనీల పిల్లల్ని తమ బడికి రప్పించుకోవాలని మా ప్రైవేటు స్కూల్ వాళ్లు రంగుల పోస్టర్ వేయాలనుకున్నారు. దాని మీద ఐదో తరగతి ఫస్ట్ వచ్చిన పిల్ల ఫోటో... అంటే నాది!

మా బాపుది సెవెన్ సీటర్ ఆటో. "నా బిడ్డ ఫోటో నా బండి ఎనకనే అతికిస్త" అని ఆటోల అడ్డా మీద కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాడు. నాకైతే కాళ్లు నేల మీద నిలవలేదు.

శుక్రవారం మా క్లాస్ టీచర్ పిలిచి నా తల వైపు చూసింది. "సోమవారం ఫోటో తీస్తరు. జుట్టు సాఫుగ చేస్కొని రా. గిట్ల వస్తే బడి పేరు పోతది." క్లాసంతా గొల్లున నవ్వింది. ఫస్ట్ ర్యాంకు తెచ్చిన బుర్ర ఆమెకు కనబడలేదు... దాని మీదున్న రింగులే కనబడ్డాయి.

ఆదివారం మన్నెగూడ నుంచి మా చిన్నమ్మ వచ్చింది. అమ్మకు చెల్లెలు. ఏదో పార్లర్‌లో జుట్టుకు వేడి పెట్టి సాఫు చేయడం చూసిందట. "ఇస్త్రీ పెట్టె ఉంది గదక్కా, గదే పని జేస్తది" అన్నది. నన్ను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, జుట్టును బొంత మీద పరిచారు. దాని మీద ప్లాట్ల ప్రకటనలున్న పేపరు కప్పారు. అమ్మ ఇంకో తెలివైన పని చేసింది... ఇంకా సాఫుగా వస్తుందని ముందే నూనె దట్టంగా పట్టించింది!

నూనె జుట్టు మీద కాలే ఇస్త్రీ పెట్టె. చుయ్యిమంది. పొగ లేచింది. నేను కెవ్వుమని లేచేసరికి కుడివైపు పిడికెడు జుట్టు కమిలి ఆ పేపరుకే అంటుకుపోయింది. చెవి పైన బొబ్బ.

ఇద్దరూ కంగారుపడి, రెండు వైపులా సమానంగా ఉండాలని మిగిలిన జుట్టు కూడా కత్తిరించేశారు. సోమవారం టీచర్ నన్ను చూసి ఏమైందని కూడా అడగలేదు. సెకండ్ వచ్చిన పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయించింది. నున్నటి పొడుగు జడలు ఆ పిల్లవి. పాపం ఆమె తప్పేమీ లేదు... అయినా చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

అసలు మంట ఇంకా చెప్పలేదు. స్కూల్ వాళ్లు ఆటోల వాళ్లందరికీ ఆ పోస్టర్లు పంచారు. మా బాపు కూడా అతికించుకుని ఇంటికొచ్చాడు! వాకిట్లో ఆటో ఆగగానే నాయనమ్మ లేచింది. చెంబుతో నీళ్లు కుమ్మరించి, అట్లకాడతో ఆ పోస్టర్‌ను గీకి పారేసింది.

"పిల్ల నెత్తి కాలవెట్టి, ఇంకొకల పిల్ల ఫోటో మోస్కొని తిరుగుతవారా? సిగ్గు లేదా నీకు?"

"సారు చేతికిచ్చినంక ఎట్ల వద్దంటనే..." అని బాపు నసిగాడు. అమ్మ లోపలికి వెళ్లిపోయింది. నావైపు మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ రోజు నుంచి నా తల నాయనమ్మ చేతికి వచ్చింది. మందార ఆకులు నీళ్లలో పిసికి ఆ జిగురు పట్టించేది. తడిగా ఉండగానే వేళ్లతో ఓపిగ్గా చిక్కు తీసేది. పాత నూలు చీర ముక్కతో అద్దడమే, రుద్దనిచ్చేది కాదు. మొలిచిన ఒక్కో రింగును వేలికి చుట్టి వదిలేది. "నా ఎంటికలే నీకొచ్చినయ్ బిడ్డా, జర పైలంగ చూస్కో" అనేది. ఆ ఇంట్లో నన్ను ఏడిపించకుండా తల దువ్విన మనిషి ఆమె ఒక్కతే.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది... మొన్న చుట్టాల పెళ్లికి వెళ్తే ఆడపిల్లలందరూ పార్లర్లలో గంటలు గంటలు కూర్చుని రింగులు తిప్పించుకుని వచ్చారు. అమ్మ నా జుట్టు చూసి తెగ మురిసిపోయింది. "నీకు పుట్టుకతోనే వచ్చినయ్ గదనే! మస్తు అదృష్టం నీది."

నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందే అడిగేశాను. "గీ మాట నాకు పదేండ్లున్నప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా?"

అమ్మ నవ్వు ఆగిపోయింది. "గదంతా ఇంకా యాది పెట్టుకున్నవా?" అన్నది. అంతే. "తప్పయింది బిడ్డా" అంటుందేమో అని కాసేపు అక్కడే నిలబడ్డాను... ఎవరో భోజనాలకు పిలిచారు, లేచి వెళ్లిపోయింది.

కాలం మారింది, రింగుల జుట్టుకు మర్యాద వచ్చింది... ఆ మర్యాద మా చిన్నతనానికి అందలేదు. మీ తల మీద ఎవరెవరు ఏమేం ప్రయోగాలు చేశారో మీరూ రాయండి, అందరివీ చదువుతాను. "పోనీలే, చిన్నప్పటి సంగతి కదా" అని మాత్రం ఎవ్వరూ రాయకండి... నేను పోనివ్వను.