కంప్యూటర్‌కు వడ్ల ఫ్యాన్ పెట్టిన రోజు

మా ఇంట్లో ఫ్యాన్ వేసుకోవాలంటే నేను ఇప్పటికీ ఎవరో ఒకరిని అడగాలి. ఉద్యోగం చేసుకుంటున్నవాడిని, మీసం వచ్చి చాలాకాలమైనవాడిని. అయినా ఎండాకాలం మధ్యాహ్నం చెమటలు కారుతూ స్విచ్ బోర్డు వైపు చేయి చాపానంటే చాలు, అమ్మ వంటింట్లోంచి తల బయటకు పెట్టి, "ఏ ఫ్యాన్ వేస్తున్నవ్ రా?" అంటుంది. ఆ ప్రశ్న వెనక ఒక ఘోరం ఉంది. అందులో ఒక కంప్యూటర్, మా అక్క ఉద్యోగం, బాపు పండించిన మిరపకాయలు ఉన్నాయి. చేసినవాడిని నేను. మీరు చదివి హాయిగా నవ్వుకోవచ్చు. మా ఇంట్లోవాళ్లకు మాత్రం నవ్వు రావడానికి చాలా రోజులు పట్టింది.

మాది బయ్యారం దగ్గర ఊరు. అప్పుడు నేను మానుకోటలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అంటే బస్సెక్కి పోయి వస్తున్నాను అని అర్థం. మా అక్క మౌనిక డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తోంది. ఆమె కోసం బాపు ఒక కంప్యూటర్ కొన్నాడు. చాలా మామూలుది. దానిలో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బొమ్మలు చూపించే పని కూడా ప్రాసెసరే ఒక మూలన కూర్చుని చేసుకుంటుంది. ఆ మూలకు సొంత మెమరీ ఉండదు. ఇల్లరికం వచ్చిన అల్లుడిలా ఇంటి మెమరీలోంచే తన వాటా తీసుకుని బతుకుతుంది. చదువులకు, టైపింగుకు ఆ సంసారం చక్కగా సాగిపోతుంది. ఆటలు పెట్టామా, అల్లుడి ఖర్చులు పెరిగి ఇల్లంతా నీరసపడుతుంది.

నేను ఆటలు పెట్టాను. అది చెప్పనక్కర్లేదు కదా.

మా మేనమామ కొడుకు రాకేష్ బావ భూపాలపల్లిలో ఉంటాడు. మామకు బొగ్గు గనుల్లో ఉద్యోగం. బావ దగ్గర పెద్ద గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్లు ఉన్న కంప్యూటర్ ఉండేది. ఇద్దరం ఇంటర్నెట్‌లో కలిసి తుపాకుల ఆట ఆడేవాళ్లం. అతను పరిగెత్తి వచ్చి నన్ను కాల్చి, వెనక్కి పోయి, నీళ్లు తాగి వచ్చేసరికి నా తెర మీద అతను ఇంకా బయలుదేరుతూ ఉండేవాడు. ఒకరోజు హెడ్‌ఫోన్‌లో చాలా మెల్లగా అడిగాడు. "బామ్మర్దీ, నువ్వు ఆట ఆడుతున్నవా, ఫొటోలు దిగుతున్నవా?"

ఆ మాట నాకు తగిలింది. ఇక ఆ కంప్యూటర్‌ను బాగుచేయడమే నా చదువు అయింది. నిజం చెప్పాలంటే మొదట చేసినవన్నీ మంచి పనులే. ఇప్పటికీ ఎవరడిగినా అవే చెబుతాను. తెర నాణ్యత తగ్గించాను. ఆటలో నీడలు తీసేశాను. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేశాను. కంప్యూటర్ వేయగానే పిలవకుండా వచ్చి కూర్చునే ప్రోగ్రాములను ఆపేశాను. అల్లుడికి మెమరీలో వాటా కొంచెం పెంచాను. ఆట కొంత కదిలింది. చెట్లకు ఆకులు లేకుండా పోయాయి, మనుషుల ముఖాలు అరగదీసిన సబ్బు బిళ్లల్లా తయారయ్యాయి, కానీ కదిలింది.

అప్పుడు వేడి మొదలైంది. కాసేపు ఆడగానే కంప్యూటర్ డబ్బా కాలిపోయేది. కాలితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకునేది. మళ్లీ ఫొటోలు. డబ్బా పక్క రేకు విప్పాను. టేబుల్ ఫ్యాన్ పెట్టాను. చాలలేదు. ఆ సమయంలో నా చూపు మా కొట్టంలో ఉన్న వడ్ల ఫ్యాన్ మీద పడింది.

వడ్ల ఫ్యాన్ తెలియనివారికి చెబుతున్నాను. కల్లంలో వడ్లను ఎత్తి పోస్తుంటే గాలికి తాలు అవతలకు ఎగిరిపోవాలి. గాలి లేని రోజున ఆ పనికి పెట్టే ఫ్యాన్ అది. నడుము ఎత్తు ఉంటుంది. దాని ముందు నిలబడితే లుంగీ కట్టుకున్నవాళ్లు రెండు చేతులూ లుంగీకే కేటాయించాలి. నేను దాన్ని మోసుకొచ్చి, హాల్లోంచి వెనక గదిలోకి పోయే గుమ్మంలో పెట్టాను. వెనక గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది. అక్కడి చల్లగాలిని లాగి, గుమ్మం పక్కనే బల్ల మీద ఉన్న కంప్యూటర్ మీదికి తోస్తుంది. గుమ్మానికి ఉన్న తెరను దానికి అడ్డంగా కిందికి వేసి ఉంచాను, చూడ్డానికి బాగుండాలని. స్విచ్ వేశాను. కంప్యూటర్ చల్లబడింది. ఆట పరిగెత్తింది. రాకేష్ బావను మొదటిసారి నేను కాల్చాను. ఆ రోజు నాకు అన్నం కూడా సహించలేదు, అంత సంతోషం.

ఇక్కడ అక్క వస్తుంది. హనుమకొండలో ఒక కంపెనీ, కంప్యూటర్లు పాడైన వాళ్లకు ఫోన్‌లో సాయం చెప్పే ఉద్యోగం. అక్క పరీక్షలు దాటింది. ఆఖరి ఇంటర్వ్యూ ఇంటి నుంచే, వీడియోలో. ఆమెకు అంతకుముందు రెండు ఉద్యోగాలు చివరిదాకా వచ్చి తప్పిపోయాయి. రెండోది పోయినరోజు ఆమె బావి దగ్గర గిన్నెలన్నీ కడిగింది, కడిగినవి కూడా మళ్లీ కడిగింది. ఈసారి అలా జరగకూడదని మా అందరికీ ఉంది. నాకు ఇంకా ఎక్కువ ఉంది.

కానీ వీడియోలో మాట్లాడుతూ కంప్యూటర్ తెర కూడా చూపించమంటే మా కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతోంది. అక్క దిగులు పడింది. నేను భుజం ఎగరేశాను.

"నేనున్న గదా అక్కా. ఆటకే నడిపించిన, ఇంటర్వ్యూకు నడిపించనా?"

"నువ్వున్నవనే నా భయం, తమ్మీ" అంది.

ఇంకో మెమరీ ముక్క వేస్తే అల్లుడికి, ఇంటికి కూడా ఊపిరి ఆడుతుందని నాకు తెలుసు. ఒకే రకం ముక్కలు జంటగా ఉంటే ఇలాంటి కంప్యూటర్ నిజంగానే తేరుకుంటుంది. జనగామలో పాత కంప్యూటర్ల దుకాణంలో మా దానికి సరిపోయేది ఉందని తెలిసి, ఇంటర్వ్యూకు ముందురోజు రైలెక్కి పోయాను. ముక్క దొరికింది. సాయంత్రానికి మబ్బు పట్టి, కుండపోతగా వాన పడింది. ఆ రాత్రి రఘునాథపల్లిలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండిపోయి, పొద్దున్నే రైలు పట్టుకుని ఇంటికి చేరాను.

నేను లేని ఆ సాయంత్రం మా ఊళ్లో కూడా మబ్బు పట్టింది. మిరపకాయలు ఎండబెట్టుకునే ఏ రైతుకైనా ఆ మబ్బు చూస్తే గుండె జారుతుంది. కల్లంలో ఆరబోసిన కాయంతా బాపు, అమ్మ, అక్క కలిసి ఆదరాబాదరాగా ఎత్తి ఇంటికి చేర్చారు. తేజ రకం. కారానికి పెట్టింది పేరు. వెనక గదిలో కప్పు దగ్గరిదాకా కుప్ప పోశారు. గుమ్మంలో వడ్ల ఫ్యాన్ అడ్డుగా ఉంది. బాపు దాన్ని తీయబోతే అమ్మ వద్దంది, పిల్ల ఇంటర్వ్యూ కోసం తమ్ముడు పెట్టాడు, కదిలించకు అంది. బాపు కుప్పను ఫ్యాన్ వెనకాలే సర్ది, పెరటి గుమ్మం గుండా బయటకు వచ్చాడు. తెర మళ్లీ సరిగ్గా కిందికి దించాడు కూడా.

ఇంట్లో మిరప ఘాటు ఉందా అంటే ఉంది. మిరప కాలంలో మా ఇంట్లో ఆ ఘాటు లేని రోజు లేదు. ముక్కు ఎప్పుడో దానికి అలవాటుపడి ఊరుకుంది. నేను వచ్చీ రాగానే డబ్బా పక్క రేకు విప్పి ముక్క పెట్టాను, కంప్యూటర్ వేశాను, గుర్తుపట్టింది. గుమ్మం తెర ఎత్తి చూడాలన్న ఆలోచనే రాలేదు. అక్క కూడా ఒక మాట గట్టిగా చెప్పింది, ఫ్యాన్ మాత్రం వేయొద్దని, దాని చప్పుడుకు మాట వినిపించదని. అలాగే అన్నాను.

ఇంటర్వ్యూ మొదలైంది. అమ్మ వంటింట్లో చప్పుడు లేకుండా పోపు వేస్తోంది. బాపు బయట అరుగు మీద కూర్చుని, వచ్చేవాళ్లను చేత్తోనే వెనక్కి పంపుతున్నాడు. నేను కెమెరాకు కనపడకుండా స్విచ్ బోర్డు పక్కన నిలబడ్డాను. తెర మీద ఒక మేడం, ఒక సార్. అక్క ఇంగ్లీషులో చక్కగా చెబుతోంది. నాకు గర్వంగా ఉంది. సగం ఆమెను చూసి, సగం నా మెమరీ ముక్కను చూసి.

తర్వాత కంప్యూటర్ తెర చూపించమన్నారు. అక్క చూపించింది. కొంతసేపు బాగానే నడిచింది, ఆ తర్వాత సార్ ముఖం నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. అక్క నా వైపు ఒక్కసారి చూసింది. ఏదైనా చెయ్యి అన్నట్టుగా నాకు కనిపించింది. తర్వాత అడిగితే, ఏమీ చెయ్యకు అన్నట్టు చూశానని చెప్పింది. నేను స్విచ్ వేశాను.

మొదట చల్లగాలి వచ్చింది. సార్ కదిలాడు. నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు పూర్తికాకముందే గుమ్మం తెర నిలువునా లేచి, దాని కింద నుంచి ఎర్రటి ధూళి హాల్లోకి దిగింది. మిరప గింజలు కంప్యూటర్ డబ్బాలోకి టపటపా కొట్టుకున్నాయి. ఒక ఎండు మిరపకాయ ఎగిరివచ్చి కీబోర్డు మీద వాలింది. అక్క దగ్గింది. నేను దగ్గాను. వంటింట్లో అమ్మ తన పోపే మాడిందనుకుని పొయ్యి ఆపేసింది. అరుగు మీద బాపు దగ్గుతూ పైకి లేచి, ఎవరి ఇంట్లోనో కారం పట్టిస్తున్నారనుకుని వీధి వైపు చూశాడట.

నేను ఫ్యాన్ ఆపాలి. కళ్లు తెరుచుకోవు. చేతికి దొరికిన స్విచ్ నొక్కాను, హాల్లో లైటు ఆరింది. ఇంకోటి నొక్కాను, టీవీ మొదలై ఎవరో ఎరువుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. మూడోది నొక్కడానికి ధైర్యం చాలలేదు, అది కంప్యూటర్‌ది కావచ్చు.

మేడం కంగారుగా, "ఏడుస్తున్నారా అమ్మా? కాసేపు ఆపుదామా?" అంది.

"ఏడుస్తలేను మేడం. మిరపకాయలు" అంది అక్క. నేర్చుకున్న ఇంగ్లీషంతా ఆ దగ్గులోనే పోయింది. "ఆపకుండ్రి. అడుగుండ్రి."

సార్ కాస్త తటపటాయించి, అడగబోతున్న ప్రశ్న అడిగాడు. "ఒకరు ఫోన్ చేసి, నిన్నటిదాకా బాగున్న కంప్యూటర్ ఈ రోజు పాడైందన్నారు. మీరు ముందు ఏం అడుగుతారు?"

అక్క చున్నీతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్న చున్నీ కూడా కారమే. "ఆఖరుకు దాని మీద చెయ్యి పెట్టింది ఎవరని అడుగుత సార్."

"తెలిస్తే ఏం చేస్తారు?"

"ముందుగాల ఆ మనిషిని పక్కకు జరుపుమంట."

అక్క కుర్చీలోంచి లేచి, చీకట్లో నేరుగా నా దగ్గరికి నడిచి వచ్చి, "తమ్మీ, పక్కకు జరుగు" అని నన్ను తోసి, సరైన స్విచ్ నొక్కి, తిరిగి పోయి కూర్చుంది. మిగతా ఇంటర్వ్యూ ధారలుగా కన్నీళ్లు కారుస్తూనే పూర్తి చేసింది. కంప్యూటర్ ఆగలేదు. అది నా గొప్పే కానీ ఆ రోజు చెప్పుకునే వీలు లేకపోయింది.

అది అయ్యాక అందరం దగ్గుతూనే కిటికీలు తెరిచాం. బాపు గుమ్మం తెర ఎత్తి కుప్పను చూసి, "ఫ్యాన్ జరపకపోయింది నీ కోసమే కొడుకా" అన్నాడు. తిట్టినా బాగుండేది. అక్క బావి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంది, తర్వాత గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. ఆ గిన్నెల చప్పుడు వింటే నాకు నిజంగా ఏడుపు వచ్చింది. అప్పటికే ఇంట్లో అందరి కళ్లూ ఎర్రగా ఉండటంతో నాది ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాతి వారం హనుమకొండ నుంచి ఫోన్ వచ్చింది. అక్కకు ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూకు వచ్చిన మిగతా అందరూ కంప్యూటర్ ఏం చూపిస్తోందని అడుగుతామన్నారట, చెయ్యి పెట్టిందెవరని అడుగుతానంది ఈమె ఒక్కతేనట. అమ్మ దేవుడికి దండం పెట్టింది. బాపు మిరప కుప్పకు దండం పెట్టాడు. నేను నా సహాయం గురించి ఒక మాట చెప్పబోయాను. అక్క చూసిన చూపుకు నా అంతట నేనే పక్కకు జరిగాను.

కంప్యూటర్‌ను ఎంత శుభ్రం చేసినా ఆ కారం పూర్తిగా పోలేదు. మెమరీ జంట అయింది కాబట్టి ఆట నిజంగానే బాగా నడిచింది. కాకపోతే పెద్ద యుద్ధం మొదలై డబ్బా వేడెక్కగానే లోపలి ధూళి లేచి నాకు తుమ్ములు వచ్చేవి. భూపాలపల్లిలో రాకేష్ బావ ఆ తుమ్ము వినగానే నేను యుద్ధానికి దిగానని తెలుసుకుని, వెతుక్కుంటూ వచ్చి కాల్చేవాడు. అతనికి నా తుమ్ము చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.

అక్క ఇప్పుడు ఆ కంపెనీలో కొత్తవాళ్లకు పని నేర్పుతుంది. పోయిన పండక్కి వచ్చినప్పుడు, ఫోన్ ఎత్తగానే మొదట ఏం అడగాలో వాళ్లకు నేర్పిన ప్రశ్న మా అందరి ముందూ చెప్పింది.

"మీ ఇంట్ల తమ్ముడున్నడా?"

కనుక మీ అందరి సాక్షిగా, కుడిచేయి స్విచ్ బోర్డుకు ఆమడ దూరంలో పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ యంత్రానికీ నా అంతట నేను గాలి పెట్టను. తప్పనిసరై పెట్టవలసి వస్తే ముందు తెర ఎత్తి చూస్తాను, తర్వాత అక్కకు ఫోన్ చేస్తాను, ఆమె పక్కకు జరగమంటే జరుగుతాను.