ఒక తిత్తా, రెండు తిత్తులా

మా నాన్న ఖిదిర్‌పూర్ డాక్‌లో ముప్పై ఏళ్లు తాడు పట్టుకున్నాడు. ఓడ అడుగున మరమ్మతు చేయడానికి రాగి టోపీ పెట్టుకుని నీళ్లలోకి దిగే మనిషి ఒకడుంటే, అతని నడుముకు కట్టిన తాడునూ గాలి గొట్టాన్నీ చేతిలో ఉంచుకుని ఒడ్డున నిలబడే మనిషి ఇంకొకడుంటాడు. ఆ రెండోవాడు మా నాన్న. ఆయన ఎప్పుడూ నీళ్లలోకి దిగలేదు. శ్రీకాకుళం సముద్రపొడ్డున పుట్టిన మనిషికి ఈత రాదంటే డాక్‌లో ఎవరూ నమ్మేవారు కాదు.

నాకు ఈత వచ్చింది. పెద్దయ్యాక అండమాన్‌లో పగడాల మీద పరిశోధన చేసే ఒక బృందంలో, నీళ్లకింద చేపలు లెక్కపెట్టే పని కూడా దొరికింది. ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ, మిగతా నెలలు ఇంట్లో. ముప్పై మీటర్ల లోతుదాకా వెళ్లేదాన్ని. బెంగాల్‌లో వామపక్ష ప్రభుత్వపు చివరి ఏళ్లలో, ఒక వానాకాలం, ఆ బృందం నుంచి కబురొచ్చింది. ఈసారి అరవై మీటర్ల దగ్గర పగడాలు చూడాలి, అంత లోతుకు శిక్షణ పూర్తిచేస్తే నన్నూ తీసుకుంటారు, పరికరాలు మాత్రం నేనే తెచ్చుకోవాలి.

అన్నిట్లోకీ నేను తేల్చుకోలేకపోయింది గాలితిత్తి. డైవర్లు దాన్ని వింగ్ అంటారు. వీపుకీ సిలిండర్లకీ మధ్య ఉండే సంచి అది. అందులోకి గాలి వదిలితే మనిషి తేలుతుంది, తీసేస్తే మునుగుతుంది. అంత లోతు నుంచి ఒక్కసారిగా పైకి రాకూడదు. ఒంట్లో చేరిన వాయువు మెల్లగా బయటికి పోవడానికి దారిలో ఆగి ఆగి రావాలి. ఆగాల్సిన చోట ఆగలేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అలా ఆగడానికి ఆధారం ఆ తిత్తే.

నది అవతల హౌరాలో ఒక రిటైరైన బెంగాలీ డైవర్ ఉండేవాడు. పాత ఫ్యాక్టరీ షెడ్డులో డైవింగ్ సామాను బాగుచేసి అమ్మేవాడు. డాక్ రోజుల నుంచీ నాన్నకు తెలుసు. నాన్న ఆయన్ని అన్నని పిలిచినట్టు దాదా అనేవాడు, నేను బాబాయిని పిలిచినట్టు కాకూ అనేదాన్ని. నాన్న కూడా వస్తానంటే ఇద్దరం ఫెర్రీ ఎక్కి వెళ్లాం.

కాకూ బల్ల మీద రెండు వింగ్‌లు పరిచాడు. ఒకటి నల్లది, చిన్నది, ఒకే తిత్తి. రెండోది ఎర్రది, భారీగా ఉంది. అందులో తిత్తులు రెండు, గొట్టాలు రెండు. ఒకటి చిరిగితే రెండోది వాడుకోవచ్చు. నా కళ్లు ఎర్రదాని మీదే నిలిచిపోయాయి.

"ఇదే తీసుకో అమ్మా," అన్నాడు కాకూ బెంగాలీలో. "నీ వీపున రెండు ఉక్కు సిలిండర్లుంటాయి. అంత బరువుకి రెండో తిత్తి ఉండాల్సిందే."

నాన్న రెండు గొట్టాల చివర్లూ చేత్తో తడిమి చూసి, "నీల్లల్లో పెట్టి సూడకుండా ఎలాగ?" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం జనం లేని వేళ, కాకూకి తెలిసిన ఒక ఈతకొలనుకి వెళ్లాం. దూకే బల్ల ఉన్న వైపు అయిదు మీటర్ల లోతు. నేను అన్నీ తగిలించుకుని గట్టు మీద కూర్చునేసరికి నాన్న ఒక నైలాన్ తాడు తెచ్చి నా నడుముకు కట్టేశాడు. కాకూ నవ్వాడు. నాకు కొంచెం సిగ్గేసింది కానీ వద్దనలేదు.

అడుగుకు చేరి మోకాళ్ల మీద కూర్చున్నాను. కాసేపటికి ఒళ్లు తేలికైనట్టనిపించి, మొదటి తిత్తిలోంచి గాలి కొంచెం తీశాను. ఇంకా తేలికైంది. మళ్లీ తీశాను. చూస్తుండగానే కాళ్లు నేల వదిలాయి, ఏ గొట్టం పట్టుకోవాలో తెలిసేలోపే బుడగలతో పాటు నేనూ పైకి ఎగిరిపోయి నీటి మీద పడ్డాను. రెండో గొట్టం చివర గాలి నింపే బొత్తాం ఇరుక్కుపోయి, నాకు తెలియకుండా రెండో తిత్తి నిండుతూనే ఉంది.

అయిదు మీటర్లే కాబట్టి ఏమీ కాలేదు. గట్టెక్కి వింగ్ విప్పి కాకూకిచ్చాను. కాకూ గొట్టం విప్పి చూసి, పొరపాటు తనదేనని ఒప్పుకున్నాడు. నాన్న నా పక్కన కూర్చున్నాడు.

"రెండోది నిండతందని నీకెప్పుడు తెలిసింది?"

"కాళ్లు లేచాక."

"నాకు ముందే తెలిసింది. తాడు వదులైపోనాది." నా నడుము తాడు విప్పుతూ అన్నాడు: "మా డైవరొకడికి ఇలాగే అయ్యింది గుంటా. డ్రెస్సులో గాలి బయటికెల్లే బిళ్ల పట్టేసింది. డ్రెస్సు బుడగలాగ ఉబ్బిపోయి, చేతులు బారసాపుకుని పైకొచ్చేసి ఓడ అడుక్కి కొట్టుకున్నాడు. నాను తాడు లాగతానే ఉన్నాను. బతికేడు. మరింక దిగలేదు."

అన్నేళ్లలో ఆ మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నేను మొదటిసారి అండమాన్ వెళ్తానన్నప్పుడు ఆయన రెండు రోజులు నాతో మాట్లాడకపోవడం గుర్తొచ్చింది. ఇప్పుడు వెళ్లొద్దంటాడని ఎదురుచూశాను. ఆయన కాకూ వైపు తిరిగాడు.

"దాదా, రెండో తిత్తి ఎందుకన్నావు? సిలిండర్లు బరువనే కదా?"

"అవును."

"మరి అంత బరువు సిలిండర్లెందుకు?"

కాకూ బుర్ర గోక్కుని నవ్వేశాడు. చల్లటి సముద్రాల్లో మందపాటి సూటు వేసుకునేవాళ్లకి ఆ బరువు పనికొస్తుందనీ, అండమాన్ నీళ్లలో పలచటి సూటుకి నిజానికి అక్కర్లేదనీ ఒప్పుకున్నాడు. తన షెడ్డులో అల్యూమినియం జత ఉందన్నాడు.

పై ఆదివారం మళ్లీ అక్కడే. ముందు నల్ల వింగ్‌ని ఉక్కు సిలిండర్లతోనే కట్టుకుని దిగాను. నాన్న పెట్టిన పరీక్ష ఒకటే: తిత్తి చిరిగిపోయిందనుకుని, అందులో ఏమాత్రం గాలి లేకుండా, కాళ్లతో ఈదుకుంటూ పైకి రావాలి. నా వల్ల కాలేదు. తొడలు మండిపోయాయి, రెండు మీటర్లు లేచి మళ్లీ అడుక్కి జారాను. చివరికి తిత్తిలో గాలి నింపుకునే వచ్చాను.

తర్వాత అల్యూమినియం జత. నిండు సిలిండర్లు, ఖాళీ తిత్తి. గట్టిగా కాళ్లాడిస్తే మెల్లమెల్లగా పైకి కదిలాను. తల నీళ్లపైకి వచ్చేసరికి నాన్న గట్టు మీద వంగి, అరిచినంత పని చేశాడు: "వచ్చేసినావే!"

ఇంకొక పరీక్ష కాకూ పెట్టాడు. సిలిండర్లలో గాలికి కూడా బరువుంటుంది, రెంటిలో కలిపి అయిదు కిలోల దాకా. అది అయిపోయే కొద్దీ మనిషి తేలికవుతుంది. చివర్లో ఆగాల్సిన చోట, ఆ తేలికదనంతోనే నిలబడగలగాలి. సిలిండర్లు దాదాపు ఖాళీ చేసి దిగాను. మొదట ఆగలేక తేలిపోయాను. కాకూ నడుముకు కట్టుకోవడానికి, అవసరమైతే విప్పి వదిలేయడానికి వీలుగా ఒక కిలో సీసం ఇచ్చాడు, చాల్లేదు. రెండో కిలో కట్టాక, మూడు మీటర్ల దగ్గర, ఖాళీ తిత్తితో, చేతులు ముడుచుకుని అలాగే ఉండిపోయాను. ఊపిరి పీలిస్తే బెత్తెడు లేస్తున్నాను, వదిలితే బెత్తెడు దిగుతున్నాను, అంతే. పైన నీళ్లలోంచి ఇద్దరు ముసలివాళ్ల తలలు వంకరటింకరగా కనిపిస్తున్నాయి. అరవై మీటర్ల మాట తలచుకుంటే భయం వేయకపోవడం నాకు అదే మొదటిసారి.

నల్ల వింగ్ తీసుకున్నాను. పట్టీలు నా ఒంటికి పెద్దవైతే కాకూ కత్తిరించి కుదించి ఇచ్చాడు.

అండమాన్ ఓడ మా ఖిదిర్‌పూర్ నుంచే బయల్దేరేది. నాన్న సామాను రిక్షాలో వేయించి గేటుదాకా వచ్చి, "ఆ బొత్తాలు రోజూ మంచినీల్లతో కడుగు. ఉప్పు పట్టేస్తాది," అన్నాడు. "కడుగుతాను నాన్నా," అన్నాను.

శిక్షణకు మూడు వారాలు పట్టింది. ఆఖరి డైవ్‌లో అరవై మీటర్ల దగ్గర వెలుతురు నీలంగా, పలచగా ఉంది. పళ్లేల్లా పరుచుకున్న పగడాలు చూశాను. ఉండమన్నంతసేపే ఉండి, మెట్లు ఎక్కినట్టు ఆగి ఆగి పైకి వచ్చాను. చివరి ఆగుడు ఆరు మీటర్ల దగ్గర. తిత్తి దాదాపు ఖాళీ. గడియారంలో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. వెండి రంగు చిన్న చేపల గుంపొకటి నా చుట్టూ తిరుగుతోంది. పాత అలవాటుకొద్దీ వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాను.