నడినెత్తి మీద చూపు

ఎనభైల మొదట్లో వరంగల్ ఫొటోగ్రాఫర్లంతా ఒకరి వెంట ఒకరు కెమెరాలు మార్చారు. ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి. మా ఆయన ఛాయ్ హోటల్ దగ్గర చెప్పే కారణం ఇది: పాత కెమెరాలో పన్నెండు ఫొటోలకే రీలు అయిపోతోంది, సరిగ్గా తాళి కట్టే వేళకే మార్చాల్సి వస్తోంది, కొత్తదానిలో ముప్ఫై ఆరు పడతాయి. విన్నవాళ్ళు నిజమేనని తలూపేవారు. అబద్ధమేమీ కాదు. అసలు కారణం మాత్రం బట్టతల.

పాత కెమెరాకు ముందు పైనొకటి, కిందొకటి రెండు అద్దాలు. దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనుంచి చూడాలి. అలా వంచే "ఇటు చూడండి" అనేవారు. ఎదుటివాళ్ళకు కనిపించేది ఆయన నడినెత్తి ఒక్కటే. పాపం, అటే చూసేవారు. ప్రింట్లు కడిగి ఆరేసేది నేనే. ఖిలా వరంగల్ తోరణం ముందు కొత్త జంటైనా, నర్సంపేట పత్తి వ్యాపారి కుటుంబమైనా, అందరి కళ్ళూ కొంచెం పైకే. ఓ రోజు నవ్వు ఆపుకోలేక ఆ సంగతి చెప్పేశాను. ఆయన నవ్వలేదు. హైదరాబాద్ పోయి కంటికి ఆనించి చూసే కెమెరా తెచ్చుకున్నారు. ఇక అందరూ తిన్నగా చూశారు. ఆయన నెత్తి సంగతి ఊరు మరిచిపోయింది.

ఒక్క మనిషి దగ్గరే ఆ కెమెరా పని చేయలేదు. మా అత్తమ్మ. మగ్గాల ఇంటి మనిషి. వాళ్ళింట్లో గోడకెక్కేది పోయినవాళ్ళ ఫొటోలే. బతికుండగా ఫొటో దిగడమంటే తొందరపడటమని ఆమె లెక్క. ఊరందరి ఫొటోలూ తీసి కన్నతల్లిది ఒక్కటీ లేదని మా ఆయనకు బాధ. ఆమెకు ఆయాసం మొదలయ్యాక ఆ బాధ భయమైంది.

ఎలాగో ఒప్పించి వాకిట్లో పీట వేసి కూర్చోబెట్టారు. కెమెరా కంటికి ఆనించగానే ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"గదేందిరా, ఒక కన్ను మూసి తుపాకి గురివెట్టినట్టు? నాకొద్దు పో."

"జరసేపే అమ్మా."

"వద్దంటున్నగా!"

ఆయన లోపలికి వెళ్ళి బీరువా మీది పాత కెమెరా దించుకొచ్చారు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచారు. కొంగు దిగింది. అత్తమ్మ కొడుకు నెత్తినే చూస్తూ ఉండిపోయింది.

"ఏంది కొడుకా, జుట్టు గింత పల్చవడ్డది? నెత్తికి నూనె వెడ్తలేవా?" అంటూ చెయ్యి చాపింది. అప్పుడే ఆయన బటన్ నొక్కారు.

చెయ్యి పెద్దదిగా, మసకగా పడింది. చూపు పైకి పోయింది. స్టూడియో లెక్కన పనికిరాని ఫొటో. ఇంకొకటి తీద్దామనేలోపు ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మరి ఒప్పుకోలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ ఫొటో సొరుగులోనే ఉంది. వానాకాలంలో ఆమె పోయాక ఫ్రేము కట్టించి ముందుగది గోడకు పెట్టారు.

వచ్చినవాళ్ళు ఆ చాచిన చెయ్యి చూసి, దీవిస్తోంది అంటారు. మా ఆయనకిప్పుడు నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. పొద్దున్నే స్టూడియోకు వెళ్ళే ముందు ఆ ఫొటో కింద కాసేపు తల వంచి నిలబడతారు. చేతులు మాత్రం జోడించరు.