గాలి పరిచిన బట్ట, అమ్మ తాగని నీళ్ళు

నేను చేసే ఉద్యోగం ఏమిటో అమ్మకు ఏనాడూ సరిగ్గా చెప్పలేకపోయాను. "బట్టల మిల్లులో కంప్యూటర్ పని" అని ఊళ్ళో అందరికీ తనే చెప్పేసుకుంది, నేనూ సరిదిద్దలేదు. అందులో మరీ అబద్ధం కూడా లేదు. మేం చేయించేది బట్టే, కాకపోతే దానికి నూలు లేదు, మగ్గం లేదు. అట్టలా ఉండే చెక్క గుజ్జును సుత్తుల మరలో వేసి దూదిలా చిదగ్గొడతారు. ఆ పీచును గాలిలోకి ఊదుతారు. కింద కదులుతూ పోయే జల్లెడ ఒకటి, దాని అడుగున గాలిని పీల్చే పెట్టె ఒకటి ఉంటాయి. ఎగిరే పీచంతా వచ్చి ఆ జల్లెడ మీద పొరగా పరుచుకుంటుంది. దాని మీద జిగురు చల్లి, వేడి గూటిలోంచి పంపి, చుట్ట చుడతారు. మొదటిసారి చూసినప్పుడు నాకు పూతరేకు గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే తినబుద్ధి కూడా అయింది.

మర జీడిమెట్లలో ఉంటుంది. నేను హైటెక్ సిటీలో అద్దాల మేడ మీద, మండు వేసవిలోనూ స్వెటర్ వేసుకుని కూర్చుని, పీచు ఎక్కడ మందంగా పడుతోందో ఎక్కడ పలచబడుతోందో తెర మీద చూస్తుంటాను. దాన్ని సరిచేసే ప్రోగ్రాం రాయడం మా టీమ్ పని. ఆ చుట్టలు చివరికి పసిపిల్లల డైపర్లలోకి, ఆడవాళ్ళ ప్యాడ్లలోకి, మంచాన పడ్డ పెద్దవాళ్ళకు కట్టే వాటిలోకి పోతాయి. ఒక ముక్క ఎంత నీరు పీల్చుకుంటుందో, పీల్చుకున్నాక నొక్కితే ఎంత తిరిగి బయటికొస్తుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పరీక్షకు ఉప్పునీళ్ళలో నీలం రంగు కలిపి పోస్తారు. మనిషి ఒంట్లోంచి వచ్చేది నీలంగానే ఉంటుందని మా ల్యాబ్ వాళ్ళు నమ్ముతున్నట్టుంది.

కిందటేడు అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయ్యాక, తెనాలిలో ఒంటరిగా ఉంచే వీల్లేక మదీనాగూడలో మా ఫ్లాట్‌కు తీసుకొచ్చాను. నాన్న పోయి చాలా కాలమైంది. నాకు తోబుట్టువులు లేరు. "పోయి పోయి అల్లుడి ఇంట్లో పడ్డానే" అని కారులో దారి పొడుగునా సణిగింది. ఫ్లాట్ ఇద్దరి పేరు మీదా ఉందనీ, అందులో సగం నాదేననీ చెప్పాను. ఆ మాట ఆమె చెవికెక్కలేదు.

అమ్మకూ మా ఆయనకూ మధ్య మాటలు నా మీదుగా నడుస్తాయి. పెళ్ళైన నాటి నుంచీ అంతే. ముగ్గురం ఒకే గదిలో ఉన్నా సరే, "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో అడుగమ్మా" అంటుంది. ఆయన పక్కనే కూర్చుని, "ఇప్పుడే తాగానని అత్తయ్యగారికి చెప్పు" అంటారు. ఆయన వస్తే ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని లేచి నిలబడుతుంది. లేవద్దని చెప్పమని ఆయన నాకు చెప్తారు. మా వైపు దీన్ని మర్యాద అంటారు. నాకు మాత్రం ఇద్దరికీ దండం పెట్టి ఎటైనా పారిపోవాలనిపించేది.

ఆపరేషన్ తరువాత అమ్మకు మూత్రం మీద అదుపు పోయింది. వాకర్ పట్టుకుని బాత్రూం చేరేలోపే అయిపోయేది. నేను ప్యాడ్లు తెచ్చాను. మా బట్ట పెట్టి చేసినవే. "ఇందులో నా చెయ్యి కూడా ఉందమ్మా" అని గొప్పగా చూపించాను. ఒకటి కట్టుకుని నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"గరగరమంటోందే. హాల్లోకి వినపడుతుంది" అంది.

ఆ చప్పుడు మా బట్టది కాదు, అడుగున అతికించే ప్లాస్టిక్ పొరది. దేనిదైతేనేం, అమ్మ విప్పి అవతల పెట్టేసింది. సరేనని జీడిమెట్ల వెళ్ళినప్పుడు చుట్టల చివర్లు అడిగి తెచ్చుకుని, పాత నేతచీర మడతల మధ్య పెట్టి కుట్టాను. చప్పుడు పోయింది. కానీ ప్లాస్టిక్ లేకపోతే బట్ట ఎంత పీల్చినా అంచుల్లోంచి దిగుతుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, అయినా ఆశ. ఒక సాయంత్రం సోఫా తడిసింది. సరిగ్గా అప్పుడే ఆయన ఆఫీసు నుంచి వచ్చారు. అమ్మ లేవలేదు. తల వంచుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆ తడి మీదే కూర్చుంది. ఆయన ముందు ఆమె కూర్చుండిపోవడం నేను చూడటం అదే మొదలు. ఆయనకు అర్థమై, చెప్పులు విప్పి నేరుగా లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి ఆయన హాల్లోకి రావడం తగ్గించారు. కంచం గదిలోకే తెప్పించుకునేవారు. "నేను ఎదురుగా ఉంటే ఆవిడకు ఇబ్బంది" అన్నారు. అమ్మ దాన్ని ఇంకోలా అనుకుంది.

"నేనున్న చోట అన్నం తినడానికి అల్లుడుగారికి రోత పుడుతోంది" అంది.

"కాదమ్మా. నీకు మొహమాటంగా ఉంటుందని అలా చేస్తున్నారు."

"నువ్వలాగే చెప్తావులే."

ఆయనతో అంటే, "ఆవిడ అలా ఎందుకనుకుంటారు, నువ్వే ఏదో ఊహించుకుంటున్నావు" అన్నారు. ఇన్నేళ్ళుగా ఇద్దరి మాటలూ మోసినదాన్ని, ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఇద్దరూ నన్ను నమ్మలేదు.

ఆ తరువాతే అమ్మ నీళ్ళు మానేసింది. పగలు ఆమెను చూసుకోవడానికి నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. ఆవిడే పసిగట్టింది.

"మేడం, అమ్మ నీళ్లు తాగుతలేదు. గ్లాసు మూతికాడికి తీస్కపోతది, నేను గిట్ల మర్రంగనే పూలకుండీల పోస్తది. గా చెట్టు జూడుండ్రి, వేర్లు మురిగిపోయినయ్. నాకైతే మస్తు ఫికరైతుంది" అంది.

అడిగితే అమ్మ "దాహం లేదే" అంది. పెదాలు పగిలి నెత్తురు కనిపిస్తోంది. కోప్పడ్డాను, బతిమాలాను, ఏడ్చాను కూడా. అన్నింటికీ అదే జవాబు. జ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని డాక్టరు మందులు రాశాడు. ఇంకోసారి ఇలాగే ఎండిపోతే కిడ్నీలు తట్టుకోవనీ, నీళ్ళు బాగా తాగించమనీ చెప్పాడు. తాగించడం ఎలాగో డాక్టరుకూ తెలిసినట్టు లేదు.

ఆ వారమే ఆఫీసులో నీరు పీల్చే వేగం మీద నేను మాట్లాడాల్సిన మీటింగ్. తెర మీద మా బట్ట నీలం నీళ్ళను గుటకేసినట్టు పీల్చేస్తోంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు బాగుంది బాగుంది అంటున్నారు. ఇంటి నుంచి ఫోన్ వచ్చింది.

"పొద్దుగాల సంది ఒక్క గుటక గూడ మింగలే మేడం."

ఫోన్ పెట్టేసి, నా స్లైడ్లు పక్కనున్నవాళ్ళకు అప్పగించాను. జలుబని చెప్పి కూర్చున్నాను. ఆ రోజు అనిపించినంత చేతకానితనం నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆదివారం మధ్యాహ్నం జ్వరం మళ్ళీ పెరిగింది. చెంచాతో పోద్దామంటే అమ్మ పళ్ళు బిగపట్టింది. నీళ్ళు గడ్డం మీంచి మెడలోకి కారిపోయాయి. ఇక ఆసుపత్రికే అనుకుంటుండగా ఆయన గ్లాసుతో నీళ్ళు తెచ్చి మంచం దగ్గర నిలబడ్డారు. అలవాటు చొప్పున నా వైపు చూశారు.

"అత్తయ్యగారిని కొంచెం తాగమని చెప్పు."

"నేను చెప్పను. మీరే చెప్పండి" అన్నాను. నా గొంతు గట్టిగానే వచ్చింది.

ఆయన వంగి, గ్లాసు ఆమె పెదాల దగ్గర పెట్టారు. "అత్తయ్యగారూ, తాగండి."

అమ్మ కొంగు లాక్కోబోయింది, లేవబోయింది, రెండూ కాలేదు. అల్లుడు చేత్తో అందించింది కాదనడం ఆమెకు రాదు. తాగింది. ఆపకుండా, గ్లాసు అడుగంటేదాకా తాగింది. తాగుతున్నంతసేపూ నావైపే చూసింది, నన్నెందుకిలా చేశావన్నట్టు. ఆమె నీళ్ళు తాగితే చాలని అన్ని దేవుళ్ళకూ మొక్కుకున్న నాకు ఆ చూపు ఎదుట సంతోషం కలగలేదు.

తరువాత కళ్ళు మూసుకుని నా మణికట్టు పట్టుకుంది. కాసేపటికి ఆ పట్టు బిగిసింది. ముఖం ముడుచుకుపోయింది. ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"అల్లుడుగారు వెళ్ళారా?" అని గొణిగింది.

ఆయన మంచం పక్కనే ఖాళీ గ్లాసు పట్టుకుని ఉన్నారు. కదిలితే అడుగు వినపడుతుంది. వెళ్ళానని చెప్పమని నాకు చెయ్యి ఊపారు.

"వెళ్ళారమ్మా" అన్నాను.

అమ్మ నా చెయ్యి వదిలేసింది. నా అరచేతి కింద దుప్పటి వెచ్చగా తడిసింది. ఆయన అడుగు తియ్యకుండా, మెల్లగా గోడ వైపు తిరిగి నిలబడ్డారు.