డి డ్రైవు కోసం పోగొట్టుకున్న మార్చి, ఏప్రిల్

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నేను గోరంట్లలో, భూగర్భ నీటిమట్టాలు కొలిచే ఒక సబ్-డివిజన్ కార్యాలయంలో టెక్నికల్ అసిస్టెంటుగా ఉన్నాను. మాది యాడికి. తాడిపత్రి వైపు వేయమని ఎన్నిసార్లు అర్జీ పెట్టుకున్నా నన్ను ఈ చివరికే వేశారు. జిల్లాలు విడిపోయాక అది వేరే జిల్లా కూడా అయిపోయింది. ఆ అర్జీలకు జవాబు రాలేదని ఇప్పటికీ గుర్తుంది.

మా పని బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. ఊళ్ళ పక్కన కొన్ని పరిశీలన బోర్లు ఉంటాయి. వాటికి మోటార్లుండవు, ఇనుప మూత మాత్రం ఉంటుంది. నెలకోసారి మూత తీసి టేపు దించుతాం. టేపు చివర నీటికి తగలగానే పైన చిన్న గంట మోగుతుంది. ఆ లోతే ఆ నెల నీటిమట్టం. కొలిచే మనిషి దినకూలీ. అతను ఫోన్లో అంకె చెప్తే నేను కంప్యూటర్లో ఎక్కించేవాణ్ణి. అంతకుముందు ఫీల్డు పుస్తకాలుండేవి. కాగితం వాడకం తగ్గించాలని వాటిని ఆపించారు. నెలనెలా పైకి వెళ్ళేది మండల సగటు ఒక్కటే.

ఆ కంప్యూటరు లినక్స్ మీద నడిచేది. చాలా ఏళ్ళ కిందట ఒక ప్రాజెక్టు కింద వచ్చింది. నీటిమట్టాల ప్రోగ్రాం అందులో తప్ప వేరే దాంట్లో నడవదు. దాని మీద అనంతపురంలో శిక్షణ తీసుకున్నవాణ్ణి ఆ కార్యాలయంలో నేనొక్కణ్ణే. అయినా పై నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళకు మా డీఈ నన్ను పరిచయం చేసింది ఇలా: "ఈయన టైపు చేస్తారండి."

డీఈ అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, సబ్-డివిజన్‌కు అధికారి. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. వయసులో నాకన్నా బాగా చిన్న. పేరు రాయను. ఆ వేసవి ఆయన వల్ల ఎండిన పల్లె పేరు రాసినా ఆయనెవరో తెలిసిపోతుంది కాబట్టి దాన్నీ రాయను. చిలమత్తూరు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది.

ఆ పల్లె తాగునీటి బోరు ఎండిపోయింది. ఆడవాళ్ళు ఒక రైతు తోట దగ్గరికి నడిచి బిందెలతో తెచ్చుకుంటున్నారు. ఆ రైతు మల్బరీ నాటుకుంటున్నాడు. మే దాటితే తోటకే చాలవు, ఇక ఇవ్వలేనని ముందే చెప్పేశాడు. ప్రభుత్వ ట్యాంకరు రావాలంటే ఒక నియమం ఉంది. దగ్గరలోని పరిశీలన బోరులో ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ వరుసగా మూడు నెలలు నీరు నిర్ణీత లోతుకన్నా కిందకు పోయి ఉండాలి. ఆ మూడు అంకెలూ మా ప్రోగ్రాం నుంచే ప్రింటు తీసి, డీఈ సంతకంతో, మే మొదటి వారంలో డివిజన్‌కు చేరాలి. మండల సగటు దీనికి పనికిరాదు. చెరువుల కింద ఉన్న ఒకటి రెండు బోర్ల వల్ల సగటు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

ఆ పల్లె తరఫున తిరుగుతున్నవాడు అంజినప్ప, అక్కడి వార్డు మెంబరు. గొర్రెలు కాసుకునే మనిషి. మా వరండాలో గోడకానుకొని కూర్చునేవాడు.

"ఏమప్పా, మా పల్లె కాయితం యాడికొచ్చినాది?"

"మూడు నెలలూ ఎక్కించినాను. సోమవారం ప్రింటు తీస్తాను, సార్ సంతకం పెడ్తాడు."

"పెడ్తాడా? నిన్న నన్ను సూసి మొగం తిప్పుకున్యాడు. నా కంపు పడల్యా ఏమో."

"నా కంపూ పడదులే" అన్నాను.

ఏప్రిల్ చివరిలో డీఈకి ఒక కోరిక పుట్టింది. ఆయన పాత కార్యాలయంలోని కంప్యూటర్లలో సి, డి, ఈ అని మూడు డ్రైవులుండేవట. మన వైపు షాపులో ఎవరు కంప్యూటరు కట్టించుకున్నా డిస్కును అలా మూడు ముక్కలు చేసి ఇవ్వడం ఆనవాయితీ. అలా లేని కంప్యూటరును సగం చేసిన పనిలా చూస్తారు. "డి డ్రైవు కూడా లేని సిస్టం ఏం సిస్టమండీ" అని డీఈ నాతో రెండుసార్లు అన్నారు. లినక్స్‌లో డ్రైవులకు అక్షరాలుండవని, డిస్కు ఇప్పటికే మూడు భాగాలుగా ఉందని చెప్పాను. ఒకటి స్వాప్, అంటే మెమరీ చాలనప్పుడు యంత్రం వాడుకునే చోటు. రెండోది నీటిమట్టాలున్న డేటా. మూడోది సిస్టం. టెండర్ల స్కాన్లకు చోటు కావాలంటే డేటాలోనే ఒక ఫోల్డరు చేసిస్తానన్నాను. ఆయన ఫోను చూసుకుంటూ విన్నారు.

నన్ను బోర్ల తనిఖీకి చిలమత్తూరు పంపిన శుక్రవారం నాడే హిందూపురం నుంచి షఫీని పిలిపించారు. షఫీ షాపు నడుపుతాడు, మంచివాడు, విండోస్‌లో చెయ్యి తిరిగినవాడు. తర్వాత జరిగిందంతా అతనే నాకు చెప్పాడు. మొదట అతను అడగాల్సిందే అడిగాడు: "బ్యాకప్ ఉండాదా సార్?" డీఈ ఉందన్నారు. బ్యాకప్ తీసే బయటి డిస్కును ఆయనే మార్చి నెల మొదట్లో ఇంటి ఫొటోలు ఎక్కించుకోవడానికి తీసుకెళ్ళారు. తిరిగివ్వమని నేను రెండుసార్లు అడిగాను. అందులో ఫిబ్రవరి వరకే ఉంది.

షఫీ పెన్‌డ్రైవు నుంచి వేరే లినక్స్‌ను లేపి, డిస్కు భాగాలు మార్చే ప్రోగ్రాం తెరిచాడు. పేరూ ఫైళ్ళూ లేని స్వాప్ భాగం అతనికి ఖాళీ జాగాలా కనిపించింది. దాన్ని తీసేశాడు. డేటా భాగాన్ని కుదించి ఆ ఖాళీలోకి జరిపితే, వెనక మిగిలిన చోట డి డ్రైవు వస్తుంది. జరపడమంటే గీత మార్చడం కాదు. లోపల ఉన్నదంతా ఒక్కొక్క ముక్కగా ఎత్తి ముందుకు పెట్టాలి. గంటలు పట్టే పని. అది నడుస్తుండగా షఫీ నమాజుకు వెళ్ళాడు, డీఈ ఇంటికి వెళ్ళారు.

మా కార్యాలయంలో ఒక ఉత్తర్వు ఉంది. ఒకనాడు ఫ్యాను ఆపలేదని డీఈ ఇచ్చిందే: సాయంత్రం అధికారి వెళ్ళగానే అటెండరు మెయిన్ ఆపాలి. అటెండరు మారుతి తొంగిచూశాడు. మానిటరు నల్లగా ఉంది, దానంతట అదే ఆరిపోయింది. యంత్రం ఆపేసి ఉందనుకుని మెయిన్ దించి తాళం వేశాడు. యూపీఎస్ ఉంటే కాస్త నిలబడేది. దాని బ్యాటరీ ఉబ్బి చాలా కాలమైంది. కొత్తది కావాలని నేను మూడు నోట్లు పెట్టాను. మూడూ "చూద్దాం" అని తిరిగొచ్చాయి.

సోమవారం కంప్యూటరు లేవలేదు. నల్లటి తెర మీద రెండు వరుసలు. అలాంటి భాగం ఏదీ లేదని మొదటిది. గ్రబ్ రెస్క్యూ అని రెండోది. గ్రబ్ అంటే మీట నొక్కగానే ముందుగా నిద్రలేచి, సిస్టం ఎక్కడుందో వెతికి లేపే చిన్న ప్రోగ్రాం. స్వాప్ పోవడంతో వెనక ఉన్న భాగాల నంబర్లు ఒక్కొక్కటి తగ్గాయి. సిస్టం ఏడో నంబరు నుంచి ఆరుకు వచ్చింది. గ్రబ్ ఇంకా ఏడునే వెతుకుతోంది.

డీఈ, షఫీ, మారుతి నా వెనక నిలబడ్డారు. ఆ రోజు కూడా నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు. కుర్చీ నేనే లాక్కున్నాను. ఏయే భాగాలున్నాయో చూపే ఆదేశం ఇచ్చాను. ఐదు, ఆరు కనిపించాయి. ఆరులో బూట్ ఫోల్డరు ఉంది. గ్రబ్ తన ఫైళ్ళను ఆరులో వెతుక్కోవాలని దారి రాసి, దాని మామూలు మెనూ భాగాన్ని పిలిచాను. మెనూ వచ్చింది.

"వచ్చినాది సామీ!" అని మారుతి గట్టిగా అరిచాడు.

మధ్యలో మళ్ళీ ఆగింది. యంత్రం లేచేటప్పుడు ఏ భాగాన్ని ఎక్కడ తగిలించుకోవాలో చెప్పే ఒక జాబితా ఉంటుంది. అందులో స్వాప్, డేటా ఉన్నాయి. ఒకటి లేదు, రెండోది తెరుచుకోవడం లేదు. అందుకే మరమ్మతు స్థితిలో నిలిచిపోయి పాస్‌వర్డ్ అడిగింది. ఆ రెండు వరుసల ముందూ గుర్తు పెట్టి పక్కకు తప్పించాను. మళ్ళీ లేపాను. ఈసారి పూర్తిగా వచ్చింది. గ్రబ్‌ను డిస్కు మొదట్లో కొత్తగా రాయించి, ఆపి, ఎవరి సాయం లేకుండా లేస్తుందని చూపించాను.

డీఈ షఫీ వైపు తిరిగి "చూశారా, ఏం కాలేదు" అన్నారు.

అంతా అయిందని నాకు తెలుసు. డేటా భాగం ముందు సగం కొత్త చోట, వెనక సగం పాత చోట ఉండిపోయింది. అతుకు ఎక్కడ పడిందో తెలిస్తే కలపవచ్చు. తెలిసినవాళ్ళు బెంగుళూరులో ఉన్నారు. అందుకు ఒకటే షరతు, ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకూడదు. ముందు మొత్తం డిస్కును యథాతథంగా ఇంకో డిస్కులోకి తీసి, దాని మీదే పనిచేయాలి. ఇదంతా డీఈకి చెప్పాను. చేతులు జోడించి కూడా చెప్పాను. ఆ మాట రాయడం నాకిష్టం లేదు.

"బెంగుళూరా? ట్యాంకర్ల లిస్టు ఈ వారమే వెళ్ళాలండీ. రిపేరు కమాండు ఉంటుందిగా, అది కొట్టండి."

"కొడితే సగం సగంగా ఉన్నదాన్ని సరైనదనుకుని మిగతాదంతా చెరిపేస్తుంది సార్. నేను కొట్టను."

"షఫీ, మీరు కొట్టండి."

షఫీ నా మొహం చూశాడు. "సార్ చెప్తాండాడు కదన్నా, నేనేం చేసేది?" అన్నాడు. ప్రతి ప్రశ్నకూ అవునని జవాబు చెప్పేలా రిపేరు నడిపాడు. తెర మీద వరుసలు పరుగెత్తాయి. అది ముగిశాక డేటా భాగం తెరుచుకుంది. పేర్లు పోయి, వట్టి నంబర్లతో వేల ముక్కలు ఒకే ఫోల్డరులో పడి ఉన్నాయి. వాటిని ఎన్ని రకాలుగా తెరిచినా అర్థమున్న అంకె రాలేదు. ప్రోగ్రాం లేవనే లేదు.

డీఈ ఇంటి నుంచి బయటి డిస్కు తెప్పించారు. దాన్ని ఎక్కించాక ప్రోగ్రాం లేచింది, ఫిబ్రవరి దొరికింది. మార్చి, ఏప్రిల్ లేవు, గడిచిన నెలల గడులను ఆ ప్రోగ్రాం మళ్ళీ నింపనివ్వదు.

అంజినప్ప ఆ మధ్యాహ్నమే వచ్చాడు. విషయం చెప్పాను.

"ఏమప్పా, మా బోరు ఎండితే మీ కంప్యూటరూ ఎండల్నా?" అన్నాడు. మారుతి నవ్వబోయి ఆపుకున్నాడు. "సరే, పోయింది పోయింది. టేపు ఎత్తుకోని ఇప్పుడే రా. నా బండి మీద పోదాం. మళ్ళా కొలుద్దువు."

"ఇప్పుడు కొలిస్తే మే లెక్క వస్తాది. మార్చి నీళ్ళు మార్చిలోనే కొలవాల."

"లోతు నీకు తెల్దా?"

తెలుసు. కొలిచిన మనిషికి ఫోను చేశాను. నాకు గుర్తున్న అంకెలు, అతనికి గుర్తున్న అంకెలు ఒకటే. తెల్ల కాగితం మీద రాసి, నేను సంతకం పెట్టి, అంజినప్పను వెంటబెట్టుకుని డీఈ గదిలోకి వెళ్ళాను. కంప్యూటరు నుంచి రానిదాని మీద తాను సంతకం పెట్టలేనన్నారు. పోనీ, కంప్యూటరు ఎందుకు చెడిందో రాసి పంపమన్నాను. అప్పుడు మాత్రం మొహమెత్తి నన్ను చూశారు.

"సార్, మా ఆడోళ్ళకి ఏం చెప్పల్ల?" అని అంజినప్ప అడిగాడు.

"వచ్చే ఏడాది తప్పకుండా చూద్దాం" అన్నారు డీఈ.

"వచ్చే ఏడు దాకా దప్పిక ఆపుకొమ్మని చెప్తా" అని అంజినప్ప బయటికి వచ్చాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

డివిజన్ నుంచి ట్యాంకర్ల జాబితా ఆ పల్లె పేరు లేకుండానే వెళ్ళింది. ఆ వారమే నాకు మెమో వచ్చింది. కార్యాలయ కంప్యూటరులో అనుమతి లేకుండా మార్పులు చేసి, నీటిమట్టాల సమాచారం కోల్పోవడానికి కారణమయ్యానని, ఎందుకు చర్య తీసుకోకూడదో సంజాయిషీ ఇవ్వాలని. షఫీని పిలిచిన సంగతి కాగితం మీద ఎక్కడా లేదు, ఫోన్లో పిలిచారు. రిపేరు కొట్టమన్నది కూడా నోటిమాటే. కాగితం మీద కనిపించేది ఒక్కటే: సిస్టం లాగ్‌లో సోమవారం నా పేరుతో చేసిన మార్పులు. నేను గ్రబ్‌ను బాగుచేసిన పనే నా మీద సాక్ష్యమైంది. సంజాయిషీ నాలుగు పేజీలు రాశాను. నా ఇంక్రిమెంటు ఆగింది. డీఈ మరుసటి ఏడాది పదోన్నతి మీద వెళ్ళారు. వీడ్కోలు సభలో కంప్యూటరీకరణకు ఆయన చేసిన కృషిని కొనియాడారు. నేను వెనక వరుసలో కూర్చుని విన్నాను.

జూన్‌లో టేపు తీసుకుని ఆ పల్లెకు వెళ్ళాను. రైతు అన్నట్టే నీళ్ళు ఆపేశాడు. చాలా ఇళ్ళకు తాళాలున్నాయి. కొందరు హిందూపురంలో పనులకు, కొందరు కర్ణాటక వైపు పోయారు. అంజినప్ప మందను తోలుకుని వెళ్ళిపోయాడని వాళ్ళమ్మ చెప్పింది. తాగడానికి నీళ్ళు ఇవ్వలేనందుకు ఆమె నొచ్చుకుంది. బోరు మూత తీసి టేపు దించాను. టేపు మొత్తం అయిపోయినా గంట మోగలేదు. ఆ నెల గడిలో పొడి అని ఎక్కించాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇంతే. లేవని యంత్రాన్ని లేపడం తేలిక, అందులో ఉన్నది దక్కడం వేరే సంగతి. డిస్కు మీద చెయ్యి వేసేముందు నకలు మీ దగ్గరే ఉండాలి, అధికారి ఇంట్లో కాదు. నోటితో ఇచ్చిన ఉత్తర్వును అదే రోజు రాతలో పెట్టి, మీరే సంతకం చేసి పైకి పంపాలి. ఇవన్నీ చేసినా ఆ పల్లెకు ట్యాంకరు వచ్చేదని నేను చెప్పలేను. రాకపోవడానికి కారణం ఎవరో మాత్రం కాగితం మీద ఉండేది.